రెండు ఆంపుల ఫ్యూజు, అయిదు వేల వాట్ల గొప్ప

మహారాజశ్రీ 5000 వాట్ల ఆంప్లిఫయర్ గారి దివ్య సముఖానికి,

కోనసీమలో ఒక మారుమూల ఊరి నాటక కమిటీ సభ్యుడు, తమరిని స్వయంగా ఒళ్లో పెట్టుకుని తెచ్చినవాడు, కనుమ రాత్రి నుంచి ఊళ్లో తలెత్తుకోలేక గోడ వారగా నడుస్తున్నవాడు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నిన్న మధ్యాహ్నం భోజనం కూడా మానేసి మెకానిక్ షాపులో ముక్కాలి పీట మీద కూర్చుని తమరి లోగుట్టంతా చూశాక, తమరి కుశలం గురించి అడగడం బాగోదనిపించింది.

తమరి అందానికి వంక పెట్టను. మొహం నిండా నీలం లైట్లు, పాటకి తగ్గట్టు ఎగిరే గీతలు, అరచేతిలో ఇమిడే రిమోట్. స్విచ్చి నొక్కగానే లోపలినుంచి ఒకావిడ ఇంగ్లీషులో ఏదో అంటుంది, అదేదో మమ్మల్ని పలకరించినట్టు. ఇక ఎకో గుండీ సంగతి. భోగి నాడు పంతులుగారు సంకల్పంలో గోత్రం ఒక్కసారి చెప్తే నాలుగుసార్లు వినిపించింది. దక్షిణ మాత్రం ఒకసారే పడిందని ఆయన ఇప్పటికీ బాధపడుతున్నారు.

ఇవన్నీ చిన్న విషయాలు. నా బాధ అంతా తమరి నుదుటి మీద వెండి అక్షరాలతో రాసుకున్న ఆ అంకె గురించే.

ఊళ్లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాడిని నేనొక్కడినే. ఆ పాపానికి చందాల డబ్బు పద్నాలుగున్నర వేలు నా చేతిలో పెట్టి భీమవరం పంపారు. షాపు కుర్రాడు తమరి మీద చెయ్యేసి, "అయిదు వేల వాట్లండి, ఇంక మీకు తిరుగు లేదండి" అన్నాడు. డిప్లొమా ఆ క్షణంలో ఎటు పోయిందో తెలీదు. వెనక్కి తిప్పి ఫ్యూజు చూడాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. నర్సాపురం దగ్గర పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వస్తున్నప్పుడు, తమరి అట్టపెట్టె మీద నీటి తుంపర పడకుండా నా తువ్వాలు కప్పాను. నేను మాత్రం తడిసిపోయాను.

పంటు మీద ఉండగా హెరాల్డ్ బ్లాక్ గుర్తొచ్చాడు. 1927 ఆగస్టు 2న అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీరయిన ఆయన ఇలాగే పడవ మీద హడ్సన్ నది దాటి ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ లెక్క రాసేశాడు. ఆంప్లిఫయర్ బయటికిచ్చిన దాంట్లో కొంత వెనక్కి తెచ్చి, లోపలికొచ్చిన దానికి ఎదురుగా కలిపితే, అది చేసిన తప్పు చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. మంచి ఆంప్లిఫయర్లు చాలావరకు ఆ లెక్క మీదే బతుకుతున్నాయి. (మా కమిటీలోనూ పెట్టి చూశాను ఆ పద్ధతి. తప్పు చూపించినందుకు నన్ను కోశాధికారి పదవి నుంచి తీసేశారు.) ఆయనకి పడవ మీద అంత ఆలోచన వచ్చింది. నాకొచ్చిన ఆలోచనల్లా, సఖినేటిపల్లి రేవులో బజ్జీలు వేడిగా ఉంటాయా అని.

కనుమ రాత్రికి వద్దాం.

రామాలయం ముందు పందిరి. కృష్ణుడి వేషం మా పెదనాన్నది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. "ఇదే ఆఖరురా, వచ్చే ఏడు గోవుల్ని కాసే వేషం కూడా వెయ్యలేను" అన్నాడు. చుట్టుపక్కల మూడు ఊళ్ల నుంచి ఆయన రాగం కోసమే జనం వచ్చారు. హార్మోనిస్టు గారు శ్రుతి పట్టారు. తమరు కూడా పట్టారు. గుయ్‌య్‌య్‌య్ అని. ఎవరో తంబురా మీటుతున్నారనుకున్నాను. "ఏవండీ, ఆ రెండో శ్రుతిబాక్సు ఆపించండి" అన్నారాయన. రెండో శ్రుతిబాక్సు లేదండి, అది మా ఆంప్లిఫయరు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కరెంటు సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకే దిక్కుకి మళ్లించే డయోడ్లు దాటాక అది వంద ఊపులవుతుంది. ఆ వంద ఊపులే తమరి నోట్లోంచి మాకు సంగీతంగా వినిపించాయి. దాళవా పంటకి కాలువ నీళ్లు వంతుల వారీగా వదులుతారు చూడండి, వంతుకీ వంతుకీ మధ్య చేను ఎండకుండా చెరువు ఆదుకోవాలి. తమరి లోపల కెపాసిటర్లు చేయాల్సిన పని అదే. చెరువు ఉండాల్సిన చోట తమరు గుంట తవ్వి ఊరుకున్నారు. పోనీ ఆ గుయ్ శబ్దం శ్రుతిలోనైనా ఉందా? వంద హెర్ట్జ్ అంటే హార్మోనియం మీద అయిదు శ్రుతికీ అయిదున్నర శ్రుతికీ మధ్య పడుతుంది. ఏ మెట్టు నొక్కినా కలవదు. హార్మోనిస్టు గారు పాపం రెండు మూడుసార్లు బెల్లోస్ ఆపి తమరివైపు చూశారు, అల్లుడు పంక్తిలో కూర్చుని పేచీ పెడుతుంటే చూసినట్టు.

పెదనాన్న పద్యం ఎత్తుకున్నాడు. కౌరవ సభలో నిలబడి కోపం దిగమింగుకుంటూ చెప్పే పద్యం. మొదటి రెండు పాదాలు బాగానే నడిచాయి. మూడో పాదం చివర రాగం పైకి తీసుకెళ్లాడు. అక్కడ తమరి దగ్గర వోల్టేజి అయిపోయింది. కొబ్బరిచెట్టు మొవ్వు నరికినట్టు శబ్దపు అలల కొనలన్నీ తెగి, మిగిలింది బరబరమంటూ బయటికొచ్చింది. ముందు వరుసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆ వెనకే "థప్" అని ఒక చప్పుడు. ఎడమవైపు స్పీకరు కోను ముందుకు పొంగి, బుగ్గలో గాలి పట్టినవాడి మొహంలా అలాగే నిలబడిపోయింది. దాని మధ్యలోంచి సన్నగా పొగ. పందిట్లో అగరొత్తుల వాసనని మించిపోయిన కాలిన వార్నిష్ వాసన. అంతా తగలబడిపోయాక, చిట్టచివర, నింపాదిగా, ఫ్యూజు పోయింది. టైము చూశాను. తొమ్మిదీ నలభై. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 సంవత్సరంలో నిబంధనలు వచ్చాయి. వాటిని మా ఊళ్లో అంత నిష్ఠగా పాటించింది తమరొక్కరే.

"వన్స్‌మోర్" అని అరవడానికి లేచినవాళ్లు అలాగే కూర్చుండిపోయారు. పెదనాన్న మాత్రం ఆపలేదు. నాలుగో పాదం మైకు లేకుండానే పాడాడు. నాలుగు వరుసల వరకు వినపడింది. అయిదో వరుస నుంచి "వినపట్లేదండీ" అని ఒక కేక వచ్చింది. ఆయన మొహం నేను చూడలేదు. చూసే ధైర్యం లేక నీ వెనకాల వైర్లు వెతుకుతున్నట్టు నటించాను.

ఇక నిన్నటి సంగతి. మెకానిక్ మూత తీశాడు. ముందు ఫ్యూజు హోల్డరు పక్కన రాసింది చదివాడు. "రెండు ఆంపులండి" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. నేను డిప్లొమా చదివినవాణ్ని కదా అని వదిలేశాడు. 230ని రెండుతో గుణిస్తే 460. గోడలోంచి 460 వాట్లు తాగే గొట్టానికి 5000 వాట్లు కక్కడం ఎలా వచ్చు? నిజంగా 5000 కావాలంటే దాదాపు 22 ఆంపులు లాగాలి. నీ తోక చివర పిన్ను ఆరు ఆంపులది! 5000 వాట్లంటే ఇంచుమించు ఏడు హార్స్‌పవర్. రొయ్యల చెరువులో రెండు హెచ్‌పీ ఏరేటర్లు మూడు తిప్పాలి నువ్వు. మా ముసలాయన గొంతు ఒక్కటి మోయలేకపోయావు.

లోపల ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24, అయిదు ఆంపులు. అంటే రెండు వైపులా కలిపి 48 వోల్టులు, అయిదుతో గుణిస్తే 240 వాట్లు. అది రెండు చానళ్లకీ కలిపి. నీలాంటి క్లాస్ ఏబీ రకం వాళ్లు తాగిన దాంట్లో స్పీకరుకి చేరేది, పుస్తకంలో లెక్క వేసినా, నూటికి డెబ్భై ఎనిమిదిన్నర దాటదు. పుస్తకం ప్రకారం 188 వాట్లు, పందిట్లో అంతకంటే తక్కువ. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఒకే దిక్కున పారే డీసీ అయ్యేసరికి 34 వోల్టులు. దాని మీద పెట్టిన కెపాసిటర్లు ఎంతవి? 35 వోల్టులవి. పండగ రాత్రి లైన్లో వోల్టేజి 250కి ఎగిరితే అది 37 అవుతుంది. రెండు కెపాసిటర్లూ నెత్తి ఉబ్బి కూర్చున్నాయి. తేడా వస్తే లైను తెంచి స్పీకర్లని కాపాడే రిలే ఉండాల్సిన చోట బోర్డు మీద ఆ గడి ఖాళీగా ఉంది, దాని బదులు ఒక వైరు ముక్క సోల్డరు చేశారు. పది వేళ్లకీ ఉంగరాలు పెట్టుకుని చెప్పుల్లేకుండా పెళ్లికొచ్చినవాడిలా ఉన్నావు నువ్వు.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మీద 5200 అని నంబరు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నంబరుది అసలైన సరుకయితే పదిహేను ఆంపులు మోస్తుంది. మెకానిక్ నవ్వి, దూదికి వాళ్లావిడ గోళ్ల రంగు తుడిచే మందు అద్ది ఒక్కసారి రుద్దాడు. నంబరు దూదికి అంటుకొచ్చేసింది. కింద వేరే నంబరు, అది కూడా సగం గీకేసి ఉంది.

షాపుకి ఫోన్ చేశాను. "అది పీఎంపీఓ అండి" అన్నాడు కుర్రాడు, ఏదో దేవుడి పేరు చెప్పినట్టు భక్తిగా. పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్ అనే ఆ పీఎంపీఓకి ఒక కొలత లేదు, ఒక పద్ధతి లేదు. రెప్పపాటులో, ఏ లోడు మీద, ఎంత చెత్త శబ్దంతోనో ఎవడికి తోచిన అంకె వాడు రాసుకోవచ్చు. అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే జాతర. అప్పుడు వాళ్ల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక రూలు పెట్టింది. ఇళ్లలో వాడే ఆంప్లిఫయరు వాట్లు చెప్పాలంటే ఇన్ని ఓముల స్పీకరు మీద, ఇంత డిస్టార్షన్‌తో, ఆగకుండా ఇన్ని అని చెప్పాలి. ఆ రూలు అట్లాంటిక్ దాటి, హిందూ మహాసముద్రం దాటి, వశిష్ఠ రేవు దాకా వచ్చి అక్కడ పంటు దొరక్క ఆగిపోయినట్టుంది.

అసలు కడుపు మండే విషయం ఇంకోటుంది. మాకు 5000 అక్కర్లేదు. 500 వాట్లని పదింతలు చేసి నిజంగానే 5000 ఇచ్చినా చెవికి తెలిసేది రెండింతలే. వంద వాట్లు అని రాసి, వంద నిజాయితీగా ఇచ్చి, ఆ రిలే ఒక్కటి పెట్టి ఉంటే నేను పద్నాలుగున్నర వేలు కాదు, ఇరవై వేలకైనా చందా వసూలు చేసేవాణ్ని. నిన్ను తయారుచేసినవాడు లైట్ల మీద పెట్టిన ఖర్చులో సగం కెపాసిటర్ల మీద పెట్టలేదు. ఎందుకు పెడతాడు? షాపులో నాలాంటి వాజమ్మ లైట్లు చూస్తాడు గానీ కెపాసిటర్లు చూస్తాడా?

ఆ రాత్రి నాటకం ఎలా పూర్తయిందో నీకు తెలీదు, నువ్వప్పటికే పొగచూరి పక్కన పడున్నావు. కుర్రాళ్లు రామాలయం అటక మీంచి పాత మైకుసెట్టు దింపారు. ఇనప డబ్బా, ముందు నాలుగు గుండీలు, వెనక రేకు మీద "30 వాట్లు" అని చిన్న అక్షరాలు. ఎలక పిల్లల్ని పెట్టిన గుర్తులున్నాయి. వాల్యూమ్ గుండీ బరబరమంటుంటే ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పాం. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పన్నెండు వోల్టులకి తగిలించాం, గొట్టం మైకు కొబ్బరిచెట్టుకి కట్టాం. గొట్టానికి పెద్ద వాట్లతో పని లేదు, ఇచ్చిన కాస్తని వృథా చెయ్యకుండా ఒక దిక్కుకి విసురుతుంది. పెదనాన్న మళ్లీ మొదటి పాదం నుంచి ఎత్తుకున్నాడు. గొంతు కాస్త ముక్కుతో పాడినట్టు వచ్చిన మాట నిజమే. కానీ కాలవ అవతల పాకలో పడుకున్న మా చిన్నాన్న పొద్దున్నే వచ్చి, "మూడో పాదంలో శ్వాస అందలేదురా అన్నయ్యకి" అన్నాడు. అంత దూరం శ్వాస కూడా వినపడింది.

నిన్న సాయంత్రం నిన్ను తిరిగి ఇంటికి తెచ్చి అరుగు మీద పెడితే, పెదనాన్న కళ్లజోడు సవరించుకుని ఆ వెండి అంకె చదివాడు. "నా కిరీటం అట్టదని ఊరందరికీ తెలుసురా. దాని మీద బంగారం అని ఎవడూ రాయించలేదు" అన్నాడు. నేను మాట్లాడలేదు. కాసేపాగి, "లైట్లు ఉన్నాయా పోయాయా?" అన్నాడు. కాలిన బోర్డు వైర్లు ఊడదీసి కొత్త ఫ్యూజు వేశాక లైట్లు మాత్రం భేషుగ్గా వెలిగాయని చెప్పాను. "అయితే ఊడదియ్. నెమలిపింఛం కింద పెట్టి కుట్టిద్దాం. శివరాత్రికి ఒక్క సీను వేస్తాను."

ఆఖరు వేషం అన్నావు కదా పెదనాన్నా అంటే వినపడనట్టు ఊరుకున్నాడు.

మెకానిక్‌ని అడిగాను. ఆ లైట్లకి తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ చాలట, రెండు వాట్లు కూడా తాగవట. కాబట్టి శివరాత్రికి తయారుగా ఉండండి. మళ్లీ స్టేజీ ఎక్కుతున్నారు తమరు.

ఇట్లు,
తమరి మూలంగా రామాలయం వీధిలోంచి వెళ్లడం మానేసి చెరువుగట్టు మీద తిరిగి వెళ్తున్న
డిప్లొమా హోల్డరు