మహారాజశ్రీ ఫాస్టాగ్ గారికి, క్యూలోంచి

మహారాజశ్రీ ఫాస్టాగ్ గారి దివ్యసముఖానికి,

నివాసం: నా కారు ముందద్దం లోపలి వైపు, రియర్‌వ్యూ మిర్రర్ చాటున.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్యూలో క్షేమం. ముందు లారీ, వెనక లారీ, పక్కన జామకాయలమ్మే కుర్రాడు. అద్దె లేకుండా నా అద్దం మీద కాపురం పెట్టావు గనక 'నువ్వు' అనే చనువు తీసుకుంటున్నాను, ఏమీ అనుకోకు.

2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారి మీద నువ్వు ఉండి తీరాలని సర్కారు తేల్చేసింది. నువ్వు లేకపోతే రెట్టింపు టోల్. 2025 నవంబరు 15 నుంచి యూపీఐలో కట్టేవాళ్లకి ఒకటింపావు వంతుకి దించారు, నోట్లు తీసినవాడికి మాత్రం రెట్టింపే ఉంచారు. ఇంతటి పరపతి ఉన్నవాడివి కదా, మరి గేటు దగ్గర నిన్ను తిట్టినంతగా ఇంకెవర్నీ ఎందుకు తిడతారు? ఈ ఉత్తరం దాని గురించే. నిన్ను తిట్టడానికి కాదు. నిన్ను తిట్టేవాళ్లకి నీ సంగతి తెలియదని చెప్పడానికి. తెలిస్తే ఇంకో రకంగా తిడతారు.

తంతు నీకు తెలియనిది కాదు. పైన నిన్ను చదివే రీడర్ ఉంటుంది, గేటు లేవదు. బూత్‌లోంచి కుర్రాడు తల బయటపెట్టి "కొంచెం వెనక్కి తియ్యండి సార్" అంటాడు. వెనక ఇన్నోవా బంపర్‌కి ఆనించి ఉంటుంది. "పోనీ కొంచెం ముందుకి రండి సార్." ముందు గేటు. ఆఖరికి చేతి రీడర్ పట్టుకొచ్చి, అద్దానికి ఆనించి, మీట నొక్కుతాడు. కీచుమంటుంది. "మీ ట్యాగ్ వీక్ అయిపోయింది సార్, మార్చుకోండి" అని తీర్పు చెప్పి వెళ్లిపోతాడు.

వీక్ ఏమిటి? వీక్ అవడానికి నీలో బ్యాటరీ ఎక్కడేడిసింది?

ఆవగింజ కన్నా చిన్న చిప్పు, దానికి రెండు పక్కలా పల్చటి లోహపు రేకు యాంటెనా, పైన స్టిక్కరు. అంతే నీ ఆస్తి. రీడర్ పంపే రేడియో తరంగం తగిలితే అందులోంచే కాస్త కరెంటు పిండుకుని కళ్లు తెరుస్తావు. సమాధానం చెప్పడానికి కూడా నీ సొంత గొంతు లేదు. వచ్చిన తరంగాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి కొడతావు. ఆ హెచ్చుతగ్గులే నీ మాట. రీడర్ అరిచిన దానితో పోలిస్తే అది కోట్ల రెట్లు బలహీనం. 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు ఈ పద్ధతి మీద ఒక పత్రం రాశాడు. అయితే మీ వంశం అంతకన్నా మూడేళ్లు పాతది. 1945లో మాస్కోలో సోవియట్ పిల్లలు అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర బహూకరించారు. ఆయన మురిసిపోయి ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. దాని లోపల సోవియట్ ఇంజనీరు లియోన్ థెరెమిన్ చేసిన ఒక పరికరం ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయట నుంచి రేడియో తరంగం పంపితే గదిలో మాటలన్నీ మోసుకుని తిరిగొచ్చేది. 1952లో గానీ అమెరికావాళ్లు దాన్ని కనిపెట్టలేకపోయారు. అంటే మీ తాతగారిది గూఢచారి ఉద్యోగం. మనవడివి టోల్‌గేటులో చేరావు. ఎవడు తరంగం పంపినా కడుపులో ఉన్నది కక్కేయడం మాత్రం వంశంలో పోలేదు.

దాని సంగతి తర్వాత. ముందు నీ మర్యాద గురించి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా ముచ్చటేస్తుంది. రీడర్ "ఎవరున్నారక్కడ?" అనగానే నువ్వు పేరు చెప్పవు. రీడర్ కాలాన్ని చిన్న ముక్కలు చేసి కొన్ని గళ్లు ఇస్తుంది, నాలుగో పదహారో ముప్పైరెండో. నువ్వు వాటిలో ఒకటి లాటరీ వేసి ఎంచుకుంటావు. నీ గడి వచ్చేదాకా నోరు మెదపవు. వచ్చాక కూడా పేరు కాదు, 16 బిట్ల గాలివాటు నంబరు ఒకటి పలుకుతావు. రీడర్ అదే నంబరు తిరిగి చెబితేనే, అప్పుడు నీ అసలు నంబరు బయటపెడతావు. అదే గడిలో వెనక కారు ట్యాగు కూడా పలికితే రెండూ కలిసి గందరగోళం. రీడర్‌కి ఏమీ అర్థం కాదు. మళ్లీ లాటరీ. ఈ కిటుకు 1970 ప్రాంతంలో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ద్వీపాల మధ్య కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి కనిపెట్టిన అలోహా పద్ధతికి చుట్టం. గళ్లుగా విడగొట్టినా సరే, లెక్క ప్రకారం నూటికి 37 గళ్ల కన్నా ఎక్కువ సక్రమంగా వాడుకోలేం. మిగతావి ఖాళీగానైనా పోతాయి, గుద్దుకునైనా పోతాయి. ఇదంతా సెకనులో చిన్న ముక్కలో అయిపోతుంది గనక ఎవరికీ పట్టింపు లేదు. మన కార్యాలయాల్లో పని కూడా ఇదే నిష్పత్తిలో జరుగుతుందని ఒక అనుమానం, కాకపోతే అక్కడ సెకన్లు కావు.

ఒక్క రీడర్, చాలా ట్యాగులు. ఇంతవరకు నువ్వు గెలిచావు. అసలు రంగం అటు తిరిగితే మొదలవుతుంది. ఒక్క ట్యాగు, చాలా రీడర్లు.

టోల్‌గేటంటే లైనుకో రీడర్. సంక్రాంతి ముందు పంతంగి దగ్గర విజయవాడ వైపు లైన్లు తెరిచి ఉంచారనుకో, ప్రతి లైనుమీదా ఒక రీడర్ "ఎవరున్నారు, ఎవరున్నారు" అంటూనే ఉంటుంది. మన దేశంలో వీటికి ఇచ్చిన రేడియో పట్టీ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. అంటే మొత్తం 3 మెగాహెర్ట్జ్. అమెరికావాళ్లకి 902 నుంచి 928 దాకా ఉంది. వాళ్లకి మైదానం, మనకి సందు. ఆ సందులోనే 200 కిలోహెర్ట్జ్ చొప్పున చానెళ్లు గీసుకుని రీడర్లు సర్దుకుంటాయి. నీ గుసగుస వినబోయిన రీడర్‌కి నాలుగు లైన్ల అవతలి రీడర్ అరుపు చెవిలో పడితే నీ గొంతు అందులో మునిగిపోతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. రీడర్ అరిచే పౌనఃపున్యం మీద కాకుండా దానికి కాస్త ఎడంగా నిన్ను జవాబు చెప్పమంటారు. రీడర్ల గోల ఒక చోట, మీ గుసగుసలు ఇంకో చోట. బాగుంది.

కానీ ఈ ఉపాయం రీడర్‌కి పనికొస్తుంది, నీకు కాదు. రీడర్‌కి ట్యూనర్ ఉంది, తన చానెల్ మాత్రమే వింటుంది. నీకేదీ? చీప్‌గా, బ్యాటరీ లేకుండా చేశారు గనక నీ చెవి అన్ని చానెళ్లనూ కలిపే వింటుంది. ఒక రీడర్ ఒక చానెల్లో, ఇంకోటి ఇంకో చానెల్లో అరిచినా నీకు రెండూ ఒకటే గోల. వినాయక చవితికి మా వీధిలో ఆ చివర ఒక మండపం, ఈ చివర ఒక మండపం పెడతారు. రెండింటికీ డీజే. మధ్యలో ఇల్లున్నవాడికి ఏ పాటా అర్థం కాదు, చందా మాత్రం రెండు చోట్లా ఇవ్వాలి. రెండు లైన్ల మధ్య చిక్కుకున్నప్పుడు నీ పరిస్థితి అదే. కుర్రాడు చెప్పినట్టు నువ్వు వీక్ కాదు, నీకు ఇద్దరు ఒకేసారి ఆర్డరిస్తున్నారు.

అందుకే మనవాళ్లు చేసే పనికి నవ్వొస్తుంది. ట్యాగు చదవడం లేదని ఫిర్యాదు వస్తుంది. రీడర్ పవర్ పెంచుతారు. పెంచితే పక్క లైను కార్లు కూడా చదవడం మొదలవుతుంది. ఒక గేటు దగ్గర నేను ఇంకా బారికేడు దాటకుండానే పక్క లైనులో గేటు లేచింది. ఆ కారాయన నా డబ్బుతో దర్జాగా వెళ్లిపోయాడు. నా ఫోనుకి మెసేజి. నా గేటు మాత్రం దించే ఉంది, ఎందుకంటే నాది అప్పుడే 'వసూలైపోయింది'. యాంటెనాని కాస్త కిందికి వంచి, పవర్ తగ్గించి, పక్క రీడర్లు వంతులవారీగా మాట్లాడేలా టైము కడితే పోయేదానికి ఇంత భాగవతం. వంతు అనే మాట మన రోడ్ల మీద ఏ యంత్రానికీ నేర్పలేదనుకుంటా.

నిన్ను తయారుచేసినవాళ్లు మాత్రం ఈ కష్టం ముందే ఊహించారు. అందుకే నీ లోపల నాలుగు చిట్టాలు పెట్టారు. ఎస్0, ఎస్1, ఎస్2, ఎస్3. ప్రతిదానిలో ఒక్క గుర్తే. 'ఏ' అంటే ఇంకా లెక్కలోకి రాలేదు, 'బి' అంటే వచ్చేశాను. ఒక రీడర్ రెండో చిట్టాలో నిన్ను లెక్కేసుకుని 'బి' చేస్తే, మూడో చిట్టాలో అడిగే రీడర్‌కి నువ్వు ఇంకా 'ఏ'నే. ఒకరి లెక్క ఇంకొకరు చెడగొట్టరు. గోదాముల్లో, పెద్ద దుకాణాల్లో, తలుపు మీదో రీడర్, బల్ల కిందో రీడర్ ఉన్నచోట ఇదే దిక్కు. ఒక్కో చిట్టాకి ఒక్కో మతిమరుపు కూడా ఇచ్చారు. ఎస్0 కరెంటు పోగానే మర్చిపోతుంది. ఎస్1 కరెంటు ఉన్నా లేకపోయినా అర సెకను నుంచి 5 సెకన్లలోపు మర్చిపోతుంది. ఎస్2, ఎస్3 కరెంటు ఉన్నంతసేపూ గుర్తుంచుకుని, పోయాక కూడా కనీసం 2 సెకన్లు మోస్తాయి. ఏ చిట్టా తెరవాలో అడిగే రీడర్ చెప్పాలి. పక్కపక్క లైన్లలో ఇద్దరూ ఒకే చిట్టా తెరిస్తే ఇక చిట్టాలు నాలుగున్నా నలభై ఉన్నా ఒకటే. పైగా ఒకసారికి ఒక్క చిట్టాలోనే కూర్చోగలవు. సగంలో ఇంకో రీడర్ కొత్త చిట్టా తెరిచి పిలిస్తే, చేతిలో పని వదిలేసి అటు పరిగెత్తడమే. నిన్ను నౌకరీకి పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది ఈ చిట్టాల గురించి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటారో అడగబోయి మానేశాను. ముందు లారీ రెండడుగులు కదిలింది.

అడిగేవాళ్లు కూడా పెరిగారు మరి. హైదరాబాద్ ఔటర్ మీద ఎక్కేచోట ఒక రీడర్, దిగేచోట ఒకటి. రెండూ చూస్తేనే దూరం లెక్క తేలుతుంది. శంషాబాద్ విమానాశ్రయం పార్కింగులో ఒకటి. 2025 ఆగస్టు 15 నుంచి కొండెక్కాలన్నా అలిపిరి దగ్గర నువ్వుండాలి. దేవుడి దగ్గరికి వెళ్తూ కూడా బ్యాలెన్స్ చూసుకోవాల్సిందే, అది నీ తప్పు కాదులే.

ఇప్పుడు మీ తాతగారి సంగతికి వద్దాం. అంత లాటరీ వేసి, అంత గుట్టుగా గాలివాటు నంబరు చెప్పి, చివరికి చేసేదేమిటి? ఆ నంబరు తిరిగి అప్పజెప్పిన ఎవడికైనా అసలు నంబరు ఇచ్చేస్తావు. వాడు టోల్‌వాడా, దారిన పోయేవాడా అని అడగవు. నీకు ఎవరడిగారో తెలిసే దారే లేదు. 2022 జూన్‌లో ఒక కుర్రాడు కారద్దం తుడుస్తూ చేతి గడియారంతో ఫాస్టాగ్ డబ్బు లాగేస్తున్నట్టు వీడియో తిరిగింది. దేశమంతా హడలిపోయింది. అది బూటకమని ఈ చెల్లింపుల వ్యవస్థ నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది, డబ్బు వెళ్లేది నమోదైన ప్లాజాలకీ పార్కింగులకీ మాత్రమే. నిజమే. నీ దగ్గర డబ్బు ఎప్పుడూ లేదు, అది బ్యాంకులో ఉంది. నువ్వు నంబరు చెబుతావు, బ్యాంకులు వాళ్లలో వాళ్లు చూసుకుంటారు. బ్లాక్‌లిస్ట్ చేసేదీ వాళ్లే, పాపం గేటు దగ్గర పేరు చెడేది నీకు. కానీ నా డబ్బు భద్రమని మురిసినవాళ్లలో ఒక్కడూ ఆ నంబరు గురించి అడగలేదు. రీడర్ కొని రోడ్డు పక్కన పెట్టుకున్నవాడికి నా కారు ఎన్నింటికి ఎటు వెళ్లిందో నువ్వే చెప్పేస్తావు కదయ్యా.

ఇక త్వరలో గేట్లే ఉండవంటున్నారు. గుజరాత్‌లో చొర్యాసి ప్లాజాలో రోడ్డుకి అడ్డంగా పైన కట్టే చట్రం (గ్యాంట్రీ) మీద రీడర్లూ కెమెరాలూ పెట్టి, కార్లు ఆగకుండా పోతుంటే చదివేలా 2025లో ఒప్పందం కుదిరింది. అంటే నీ నెత్తిన వరసగా రీడర్లు, నువ్వేమో మంచి స్పీడులో. ఆగి, వెనక్కి తీసి, అద్దం మీద చేతి రీడర్ ఆనించే అవకాశం ఉండదు. ఆ రోజు కోసం రెండు విన్నపాలు. ఎవరైనా ఇంజనీరు నీ కింద నిలబడి ఆలోచిస్తూ కనబడితే, నీలో నాలుగు చిట్టాలున్నాయని, ఒక్కో రీడర్‌కి ఒక్కోటి ఇమ్మని చెవిలో వెయ్యి. నీ గొంతు ఎలాగూ వినబడదు, నా ఉత్తరం చూపించు. రెండోది, ఒకే బండికి రెండు సార్లు కోతపడితే రీఫండ్‌కి నేను ఫోను చేయాల్సిన నంబరు కూడా ఆ స్టిక్కరు మీద ఊడిపోని సిరాతో వేయించు. ఇప్పుడున్నది ఎండకి చెరిగిపోయి చివరి నాలుగు అంకెలే మిగిలాయి.

ఇట్లు,
నీ అద్దం సొంతదారు,
టోల్‌గేటుకి ఇంకా ఏడు బళ్ల వెనక నుంచి