నొప్పి తీర్చే చేతులకు పురస్కారం

కేన్సర్ ముదిరిన రోగిని ‘ఇక ఇంటికి తీసుకెళ్లండి’ అంటూ ఏ ఆసుపత్రి పంపించినా, వైద్యం ముగిసిందనే కుటుంబం అనుకుంటుంది. అసలు కష్టం ఆ రోజే మొదలవుతుంది. తీవ్రమైన నొప్పికి నాలుగు గంటలకోసారి వేయాల్సిన మార్ఫిన్ మాత్రలు అయిపోతే ఎక్కడ దొరుకుతాయో తెలియదు, వీపు పుండు పడకుండా మనిషిని ఎలా పక్కకు తిప్పాలో ఎవరూ నేర్పి ఉండరు. అలాంటి ఇంటి గడప తొక్కి, ఆ భారంలో కొంత తమ భుజాన వేసుకునే నర్సులు, ఆశా కార్యకర్తలు, ఇరుగుపొరుగువారే ఉపశమన సేవకు, అంటే రోగం నయమైనా కాకపోయినా నొప్పిని, బాధను తగ్గించే సేవకు (పాలియేటివ్ కేర్) ప్రాణం. ప్రజారోగ్య దృష్టితో ఈ సేవకు తోడ్పడినవారిని గుర్తించే పురస్కారాలు అంతర్జాతీయంగా ఉన్నాయి. తెలంగాణలోనూ అటువంటివి నెలకొల్పాలనీ, అవి ముందుగా ఇలాంటివారికే చేరాలనీ మేము కోరుతున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన సేవ అవసరం కాగా, అందుతున్నది సుమారు 14 శాతం మందికే. ఇది కేన్సర్ రోగులకో, ఆఖరి ఘడియలకో పరిమితమైనదన్న అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, పక్షవాతంతో మంచాన పడినవారికి, మతిమరుపు వ్యాధితో సొంత బిడ్డలనే గుర్తించలేని వృద్ధులకు కూడా ఇది కావాలి.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను (ఆఖరి దశ రోగుల సంరక్షణ కేంద్రాన్ని) స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ పైన డాక్టర్. శరీరపు నొప్పితో పాటు మనసు, కుటుంబం, డబ్బు తాలూకు బాధ కూడా రోగిని తినేస్తుందని ఆమె గ్రహించడానికి ఆ మూడు అనుభవాలూ తోడ్పడి ఉంటాయి. కేరళ ఈ గ్రహింపును ఊరి బాధ్యతగా మార్చింది. 1993లో కోజికోడ్‌లో మొదలైన చిన్న ప్రయత్నం వాలంటీర్లతో, స్థానిక చందాలతో పెరిగి, 2008లో దేశంలోనే తొలి రాష్ట్ర ఉపశమన సేవా విధానానికి దారితీసింది. పంచాయతీలు ఇంటింటి సేవకు నిధులు కేటాయించాయి. ఆ ఉద్యమానికి ఆద్యులలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు అది తగిన గౌరవమే. అయితే ఆ ఊళ్లలో మంచాల పక్కన కూర్చున్న వేలాదిమంది పేర్లు ఏ జాబితాకూ ఎక్కలేదు.

మనకు పునాది లేకపోలేదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది. రోగుల ఇళ్లకు వెళ్లే ప్రభుత్వ సేవకు ‘ఆలన’ అని పేరు పెట్టారు. అంతకన్నా తగిన తెలుగు మాట మరొకటి ఉండదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల రకరకాల లైసెన్సుల చిక్కుల్లో పడి మార్ఫిన్ రోగులకు దూరమైంది. 2014 సవరణ ఆ చిక్కులను సడలించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని నిల్వ చేసుకునే వీలు కల్పించింది. అయినా పాత భయం పూర్తిగా పోలేదు. మార్ఫిన్ రాస్తే లేనిపోని తంటా అనుకునే డాక్టర్లు, అలవాటు పడిపోతారేమోనని మాత్ర దాచిపెట్టే బంధువులు ఇంకా ఉన్నారు. ఆ భయం పోగొట్టడం కూడా పురస్కారానికి అర్హమైన పనే.

రవీంద్రభారతి వేదికపై శాలువాలు, జ్ఞాపికలు ఏడాది పొడవునా చూస్తూనే ఉన్నాం. మరో సన్మాన సభ మా ఉద్దేశం కాదు. అర్హతను నిర్ణయించేవారు దరఖాస్తుల మందం చూడకుండా, ఏడాదిలో ఒక్క రోజైనా మార్ఫిన్ నిల్వ నిండుకోనివ్వని జిల్లా ఆసుపత్రి ఫార్మసిస్టును, ఒంటిగది అద్దె ఇంట్లో నేలమీద పడుకున్న రోగికి పుండు శుభ్రం చేసి ఆ పని ఇంటివారికీ నేర్పిన నర్సును, మంచాన ఉన్నవారి వివరాలు తెలుసుకుని తరచూ పలకరించి వచ్చే బస్తీ యువకులను వెతకాలి. కుటుంబ సభ్యుల అభిప్రాయం అడగాలి. రోగి కన్నుమూశాక కూడా ఆ ఇంటికి ఎవరైనా వెళ్లారా అని విచారించాలి.

నగదు బహుమతి వ్యక్తి చేతికి ఎంత ఇచ్చినా, అంతకు మించిన మొత్తం ఆ బృందం పనిచేసే చోటికే చేరాలి. వాహనానికి డీజిలు, గాలిపరుపులు, కట్లు కట్టే సామగ్రి, మరో నర్సుకు శిక్షణ వంటివి దానితో సమకూరుతాయి. ప్రపంచ హాస్పిస్, ఉపశమన సేవా దినం ఏటా అక్టోబరు రెండో శనివారం వస్తుంది. ఆ రోజుకల్లా ఆరోగ్య శాఖ విధివిధానాలు ప్రకటించి, తొలి పేర్లను బస్తీ దవాఖానాల నుంచి, మండల ఆరోగ్య కేంద్రాల నుంచి పిలిపించాలి.