అయిదెకరాల మెరక

విజయవాడకు ఉత్తరాన, బుడమేరు వాగు పాత పాయకు దగ్గర్లో అయిదెకరాల పొలం. దాన్ని మెరక చేసి అపార్ట్‌మెంట్లు కట్టాలని బాబాయి ప్లాను. ఆయన అన్న కూతురు మురుగు, వాన నీటి కాలవలు డిజైన్ చేసే ఇంజనీరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మీద పడిన దగ్గర్నుంచి ఇద్దరికీ ఇదే గొడవ. మనుషులు కల్పితం. ఇలాంటి పొలాలు మాత్రం ఆ వైపు బోలెడున్నాయి.

బాబాయి: పల్లం, పల్లం అంటావు. సరే, పల్లమే. ఆరడుగులు బుసక మట్టి తోలిస్తే ఇంకెక్కడి పల్లం? పైగా కింద పిల్లర్ల మధ్య ఖాళీగా స్టిల్టు పార్కింగు. జనం ఉండేది మొదటి అంతస్తు నుంచి. ఎంత వరద వచ్చినా నాలుగు కార్లు తడుస్తాయి, అంతే.

అమ్మాయి: మీ పొలం లేస్తుంది బాబాయ్, నీళ్లెక్కడికి పోతాయి? అయిదెకరాల మీద ఆరడుగులంటే 13 లక్షల ఘనపుటడుగుల చోటు. ఇన్నాళ్లూ వరదొస్తే అక్కడ నిలిచేది. రేపట్నుంచి మీ పక్కనున్న రేకుల ఇళ్లలో నిలుస్తుంది.

బాబాయి: లెక్కలు నాకూ వచ్చమ్మా. వాగులో పదివేల క్యూసెక్కులే వచ్చిందనుకో, ఆ రోజు వచ్చింది అంతకన్నా చాలా ఎక్కువ. పదివేలంటే సెకనుకు పదివేల ఘనపుటడుగులు. నేను పూడ్చిన చోటు దానికి రెండు నిమిషాల పది సెకన్ల పని. ఊరు రోజుల తరబడి నీళ్లలో ఉంది. నా రెండు నిమిషాల వల్లేనా?

(లెక్క తప్పు కాదు. ఈ దెబ్బకు చాలామంది నోరు మూసుకుంటారు.)

అమ్మాయి: మీ ఒక్కరి వల్ల కాదు. ఎదురు వెంచరు వాళ్లదీ రెండు నిమిషాలే, దాని వెనక వాళ్లదీ రెండు నిమిషాలే. ఫైళ్లు ఒక్కొక్కటే వస్తాయి, ఒక్కొక్కదానికే సంతకం పడుతుంది. అన్నీ కలిపితే ఎన్ని గంటలైందో కూడేవాడు ఏ ఆఫీసులోనూ లేడు. పోనీ, నిలిచే చోటు సంగతి వదిలేద్దాం. దారి సంగతేమిటి? ఆ నీళ్లు కొల్లేరు వైపు పోవాలి. మీ ప్లాన్‌లో కాంపౌండు గోడ సరిగ్గా దానికి అడ్డంగా ఉంది, చుట్టూ, ఎనిమిదడుగులు.

బాబాయి: గోడంటే గుర్తొచ్చింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులొస్తే నది పక్కనున్న కృష్ణలంక మునిగింది. 2024 వరదలో 11.43 లక్షలు, బ్యారేజీ పుట్టాక అంత నీరు చూడలేదు. అయినా కృష్ణలంక వాళ్లు ఇంట్లో పడుకున్నారు. ఎందుకూ? రిటైనింగ్ వాల్. బుడమేరుకూ అలాంటిదే కట్టమను. అది మానేసి మమ్మల్ని ఇళ్లు కట్టొద్దంటే ఎలా?

అమ్మాయి: ఆ గోడ పనిచేసింది, కాదనను. కానీ కృష్ణ ఎక్కడ పారుతుందో చిన్నపిల్లాడికీ తెలుసు. బుడమేరుకు ఏ గట్టు మీద కడతారు? వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి నీటిని కృష్ణలోకి మళ్లించాక, దిగువ పాయ ఇక వట్టి మురుగు కాలవే అనుకున్నారు జనం. అటూ ఇటూ కట్టుకుంటూ వచ్చారు. ఆ రాత్రి మళ్లింపు కాలవకు కొండపల్లి వైపు మూడు గండ్లు పడ్డాయి. కృష్ణే నిండుగా ఉంటే కాలవ నీళ్లను ఎలా తీసుకుంటుంది? నీరు తన పాత దారి పట్టింది. ఆ దారిలో ఇప్పుడు వంటగదులున్నాయి. ఇక మీరన్నట్టు గోడే కడితే, అదంతా ఒకేసారి కొల్లేరు మీద పడుతుంది. అక్కడ చేపల చెరువుల గట్లు అడ్డం.

బాబాయి: మరి అమరావతి? అది మాత్రం కొండ మీద కడుతున్నారా? కొండవీటి వాగు పొంగితే ఆ పొలాలు మునిగేవి కావూ?

అమ్మాయి: మునిగేవి. అందుకే 2017లో పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ షరతులు పెట్టింది. ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కులు కృష్ణలోకి తోడే పంపులు పెట్టారు. ఊరి ప్లాన్‌లోనే వాగును వెడల్పు చేయడం, నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం దగ్గర రిజర్వాయర్లు ఉన్నాయి. అవన్నీ పూర్తయి, ఒక పెద్ద వాన చూశాక కదా మార్కులు వేయాల్సింది. అయినా అక్కడ నీటికి చోటెక్కడని ముందు అడిగారు. మన వైపు ఆ ప్రశ్న టిప్పర్లు దిగాక పుడుతోంది.

బాబాయి: రాజధానికి సర్కారుంది. నాకెవరున్నారు? పోనీ అయిదెకరాల్లో ఒక ఎకరం చెరువు తవ్వమంటావా? ఆ నేలలో నాలుగడుగులు తవ్వితే ఊట. ఆగస్టుకే నిండిపోతుంది. సెప్టెంబరులో వరదొస్తే దాంట్లో చెంబుడు కూడా పట్టదు.

అమ్మాయి: అది నిజమే. అందుకే చెరువు అడగడం లేదు, మెరక తోలొద్దంటున్నాను. నేల ఉన్నట్టే ఉండనివ్వండి. పిల్లర్లు ఎత్తు చేయండి, స్టిల్టు నాలుగు వైపులా తెరిచి ఉంచండి, గోడ బదులు కంచె వేయండి. నీరొస్తే కింద నుంచి పోతుంది. మీటర్ బోర్డు, లిఫ్టు ప్యానెల్, జనరేటరు పైకి ఎక్కించండి. సింగ్‌నగర్లో ఒక అపార్ట్‌మెంటు చూశాను. ఫ్లాట్లలోకి చుక్క రాలేదు. కానీ మీటర్ బోర్డు కింద మెట్ల పక్కన ఉంది, బురద మరక దానికి జానెడు పైన. సంపు నిండా మురుగు. మూడో అంతస్తు ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చీకట్లో మెట్ల మీదుగా దించారట. ఇల్లు మునగలేదు, కానీ అందులో ఎవరూ ఉండలేకపోయారు. మీ ప్లాన్‌లోనూ మీటర్లు అక్కడే ఉన్నాయి.

బాబాయి: మీటర్లు మారుస్తాను, అదేం పెద్ద ఖర్చు కాదు. మెరక మాత్రం కుదరదు. రోడ్డు కన్నా కిందున్న సైటు ఎవడు కొంటాడు? రోడ్డు పాడైన ప్రతిసారీ దాని మీదే ఇంకో రోడ్డు వేస్తారు మీ కార్పొరేషన్ వాళ్లు. పాత ఇళ్లు చూడు, వీధిలోంచి లోపలికి రెండు మెట్లు దిగాలి. నేను మెరక వేసేది వరదకు భయపడి కాదు, రోడ్డుకు భయపడి.

అమ్మాయి: ఇది మాత్రం నేను ఒప్పుకోవాల్సిందే.

బాబాయి: ఇంకోటీ ఒప్పుకో. నన్ను ఆపితే ఆ పొలం ఖాళీగా ఉంటుందా? వంద గజాల ముక్కలు చేసి అమ్ముతారు. ప్లాను ఉండదు, స్టిల్టు ఉండదు, కాలవ అసలే ఉండదు. కూలి పనికి పోయేవాళ్లు వడ్డీకి తెచ్చి కొంటారు. నాలుగేళ్లకు రెగ్యులరైజేషన్ స్కీం వస్తుంది, డబ్బు కట్టించుకుని కాగితమిస్తారు. నీ రూలుకు దొరికేది ఆఫీసుకొచ్చిన నేనే. రానివాడికి ఏ రూలూ లేదు.

అమ్మాయి: అందుకే వద్దన్న చోట డబ్బివ్వాలంటాను. వాగు దారిలో పడ్డ భూమికి పరిహారమో, ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కునిచ్చే టీడీఆర్ బాండో ఇచ్చి ఖాళీగా ఉంచాలి.  మీరన్న రెగ్యులరైజేషన్ స్కీములు కూడా వాగు దారికి వర్తించకూడదు. ఇక మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ రోజు నీళ్లెంత ఎత్తుకు వచ్చాయో మీ సైటు పక్క గోడల మీద మరక ఇంకా ఉంది. ఆ లెవెల్ ప్లాన్‌లో గీయించండి, అగ్రిమెంట్‌లో రాయండి. కొనేవాళ్లు తెలిసి కొనుక్కుంటారు.

బాబాయి: నేను రాస్తాను, ఎదురు వెంచరు వాడు రాయడు. వాడివి అమ్ముడుపోతాయి, నావి మిగులుతాయి. బ్యాంకు వడ్డీ నువ్వు కడతావా? రూలంటూ పెడితే అందరికీ పెట్టమను. ముంపు లెవెల్ లేని ప్లాను టేబుల్ మీదకే తీసుకోకూడదని రాయించు. అప్పుడు నాకేం అభ్యంతరం లేదు.

అమ్మాయి: ఆ అర్జీ నేను రాస్తాను. బిల్డరుగా మొదటి సంతకం మీరు పెడతారా?

బాబాయి: అందులో రోడ్ల సంగతి కూడా ఉంటే పెడతాను. పాత రోడ్డు తవ్వకుండా కొత్తది వేయకూడదని. ముందు రాసుకురా, చదివి చెప్తాను.