లాక్ తీసినంత మాత్రాన ఫోన్ పలకదు

రాజోలు దగ్గర లంకలో ఉండే మా అక్కకి సంక్రాంతికి అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ తెచ్చాడు. ఇక్కడి సిమ్ వేస్తే తీసుకోలేదు. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ లాక్ ఉందన్నారు. అమలాపురంలో ఒక షాపులో సిమ్ కింద సన్నటి చిప్ పెట్టి నడిపించారు గానీ, అప్‌డేట్ రాగానే మళ్లీ ఆగిపోయింది. చివరికి వాడు అక్కడ మిగిలిన కిస్తీలన్నీ కట్టేసి అధికారికంగా లాక్ తీయించాడు. అప్పుడు నెట్ వచ్చింది, వీడియోలు ఆడాయి, కానీ కాల్స్ మోగలేదు. ఎవరూ ఫోన్ చేయట్లేదేంటా అని అక్క వారం రోజులు దిగులు పడింది.

లాక్ వేరు, ఫోన్ లోపలి రేడియో వేరు. లాక్ అంటే బాకీ తీరేదాకా కంపెనీ పెట్టుకునే గొళ్లెం, సాఫ్ట్‌వేర్‌తో పోతుంది. ఫోన్ ఏ బ్యాండ్లు, అంటే ఏ ఫ్రీక్వెన్సీల సిగ్నల్, పట్టుకోగలదన్నది మాత్రం ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, తర్వాత ఎంత డబ్బు పోసినా కొత్త బ్యాండ్ చేరదు. అక్కడ టీ-మొబైల్ అనే నెట్‌వర్క్ కంపెనీ వాడే 600 మెగాహెర్ట్జ్‌తో ఇక్కడ పనే లేదు. మనకి కావలసింది జియో వాడే 850, బీఎస్ఎన్ఎల్ 4జీకి వాడే 700 లాంటివి. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం దూరం పోతుంది, కొబ్బరితోటలు దాటుకుని ఇంట్లోకి కూడా వస్తుంది. అందుకే ఆ బ్యాండ్ లేని ఫోన్ రాజమండ్రిలో బాగానే పనిచేసి, లంకకి వచ్చేసరికి డీలా పడిపోవచ్చు.

కాల్స్ సంగతి ఇంకోటి. 2016లో మొదలైన జియోకి 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ మీదే, అంటే వోల్టే మీదే వెళ్లాలి. వేరే దేశపు మోడల్‌లో ఇక్కడి నెట్‌వర్క్‌కి సరిపోయే వోల్టే సెట్టింగ్ లేకపోతే నెట్ ఉంటుంది, మాట ఉండదు. 2జీ ఉన్న ఎయిర్‌టెల్‌లో అయితే కాల్ దాని మీదకి దిగుతుంది.

లాక్ మనకి కొత్తేం కాదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకి చేతిలో పెట్టిన సీడీఎంఏ (అప్పటి ఒక నెట్‌వర్క్ పద్ధతి) ఫోన్లు, 2017 నాటి జియోఫోన్ కూడా ఒకే నెట్‌వర్క్‌కి కట్టేసినవే. కెనడా 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి కంపెనీలు లాక్ చేసిన ఫోన్లు అమ్మకుండా ఆపేశాయి. అమెరికా కూడా అదే చెయ్యాలని నేను గట్టిగా అంటాను. కిస్తీ వసూలుకి ఒప్పందం ఉంది, చట్టం ఉంది, మళ్లీ ఫోన్‌కి గొళ్లెం ఎందుకు?

అది జరిగేలోపు పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. అమ్మకి ఐఫోన్ కొనేముందు సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ దగ్గర ఆంక్షలు లేవని ఉందో లేదో చూడండి, ఏ ఫోనైనా మోడల్ నంబరుతో బ్యాండ్లు వెతకండి, అమ్మ వాడే సిమ్ ఏదో ముందే అడగండి. వరదకి కాజ్‌వే మునిగి పడవ తప్ప దారి లేని రోజున మా అక్కకి కావలసింది కెమెరా కాదు, మోగే ఫోను. ఇప్పుడు ఆవిడ పాత బటన్ ఫోనే కొంగున ముడేసుకుని తిరుగుతోంది.