సవరలు తెలుగువాళ్ళేనట, వాళ్ళ భాష మన యాసేనట!

ఆగస్టు 29, గిడుగు గారి పుట్టినరోజు వస్తే చాలు, గిడుగు రామమూర్తి గారి ఫోటోతో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. అందులో సవరల గురించి (శ్రీకాకుళం, ఒరిస్సా వైపు కొండల్లో ఉండే గిరిజనులు) నాలుగు ముక్కలు: వాళ్ళు పూర్వం తెలుగువాళ్ళే, అడవికెళ్ళి విడిపోయారు. వాళ్ళది తెలుగు యాసే. లిపి గిడుగు గారే కనిపెట్టారు. వేట తప్ప వ్యవసాయం తెలీదు.

యాస సంగతి ముందు చూద్దాం. తెలుగు యాసే అయితే పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు గారు తెలుగొచ్చిన ఒక సవరాయన్ని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎందుకు నేర్చుకున్నారండి, 1931లో అంత లావు వ్యాకరణం ఎందుకు రాశారు? సొర (వాళ్ళు చెప్పుకునే పేరు ఇదే) ముండా భాష, అంటే జార్ఖండ్ వైపు గిరిజనులు మాట్లాడే సంతాలీకి, ముండారీకి చుట్టం, ద్రావిడ కుటుంబమే కాదు. మనం నీళ్ళంటే వాళ్ళు దాఆ అంటారు, సంతాలీలో దాక్. లెక్కయితే ఇంకా సరదా, మనం పది దగ్గర ఆగి పదకొండు మొదలెడతాం కదా, వాళ్ళు పన్నెండు దాకా వెళ్ళి అప్పుడు పన్నెండూ ఒకటి అంటారు, అలా ఇరవై దాకా. 39 చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఏ జిల్లా తెలుగు యాసలో ఉందో ఈ లెక్క చూపించమనండి.

విడిపోయిన తెలుగువాళ్ళన్నదానికి రామాయణంలో శబరి కథ, ఐతరేయ బ్రాహ్మణం అనే పాత వైదిక గ్రంథం రెండూ తెచ్చి అతికించారు, శబర అన్నా సవర అన్నా ఒకటేనని. శబర అనే మాట సంస్కృతంలో అడవి జనం చాలామందికి వాడేశారు, దాంతో ఎవరి వంశమూ తేలదు. ఇక ఐతరేయంలో విశ్వామిత్రుడి శాపం కథలో ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు అని వరసగా ఉంటుంది, ఎవరి పేరు వాళ్ళదే. అంటే వీళ్ళు చూపించే సాక్ష్యమే వీళ్ళ మాటని కొట్టేస్తోంది, చదివి ఫార్వర్డ్ చేసుంటే బావుండేది.

లిపి విషయంలో గిడుగు గారి మీద అభిమానంతోనే అంటున్నారు, అది అర్థమవుతుంది. ఆయన సవర పాఠాలు తెలుగు లిపిలో రాశారు, తర్వాత ఆ భాషలో గొంతు బిగబట్టి పలికే శబ్దాలు మన అక్షరాల్లో ఇమడక ధ్వని గుర్తులు పెట్టిన రోమన్ లిపికి మారారు. కొత్త లిపి చెయ్యలేదు. సొరంగ్ సొంపెంగ్ అనే లిపి చేసింది ఒరిస్సా వైపు మంగేయి గొమాంగో అనే సవరాయనే, 1936లో. తమాషా ఏంటంటే అదే ఏడాది పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిందని గిడుగు గారు ఊరొదిలి రాజమండ్రి వచ్చేశారు. 2012లో ఆ లిపి యూనికోడ్ లోకి కూడా ఎక్కింది, ఫోన్లో టైప్ చెయ్యొచ్చు. ఒక సవర మనిషి చేసిన పనిని తీసి మన ఖాతాలో వేసుకుంటే గిడుగు గారే ఒప్పుకోరు.

వ్యవసాయం తెలీదన్నది మరీ ఘోరం. పోడు ఉంది, కాదనం. కానీ కొండ వాలుకి రాళ్ళ గోడలు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేసి, పై మడి నీళ్ళు కింద మడికి దింపి వరి పండించడం సవరల పాత విద్య. సీతంపేట పైనాపిల్ అని బజార్లో కేకేసి అమ్ముతుంటే కొనుక్కుంటాం కదా, అది ఏ కొండ మీద ఎవరు పండించారో ఈ ఫార్వర్డ్ రాసినాయన ఒక్కసారైనా అడిగినట్టు లేదు.