సవరణ: అమీన్‌పూర్ చెరువు అభయారణ్యం కాదు

మొన్నటి పోస్టులో హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువును ‘పక్షుల అభయారణ్యం’ అని రాశాను. తప్పు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది.

పేరులో తేడానే కదా అనుకోకండి. అభయారణ్యాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. జీవవైవిధ్య వారసత్వ స్థలం 2002 నాటి జీవవైవిధ్య చట్టం, 37వ సెక్షన్ కిందికి వస్తుంది. దీని ప్రకారం స్థానిక సంస్థలను సంప్రదించాకే ప్రకటన రావాలి. దానివల్ల ఎవరి బతుకుతెరువు దెబ్బతిన్నా పరిహారానికో పునరావాసానికో ప్రభుత్వం పథకం రూపొందించాలి. నా పోస్టు చదివి ‘ఇక వల వేయనివ్వరా అన్నా?’ అని ఒక మత్స్యకార కుటుంబం కుర్రాడు అడిగాడు. ఆ ఇంట్లో లేని భయం పెట్టినందుకు క్షమించమని అడుగుతున్నాను.

ఇంకొకటి. ఊళ్లోని మొక్కలు, జీవాలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును అధికారులు నింపే ఫారమన్నట్టు రాశాను. నిజానికి ప్రతి గ్రామ పంచాయతీ, ప్రతి మున్సిపాలిటీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలి, ఆ కమిటీ ఊరివాళ్లను అడిగి రిజిస్టరు రాయాలి. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనికి 2020 జనవరి 31 గడువు పెట్టింది. గడువు కోసం హడావిడిగా నింపిన పేజీలో ‘కొరమీను’ అన్న పేరొక్కటే మిగులుతుంది. అదే చెరువు గట్టున కూర్చునే పెద్దాయన్ని అడిగితే, వానలు పడ్డాక తుంగ పక్కన ఎర్రగా గుంపు కట్టిన కొరమీను పిల్లల్ని, వాటి కిందే కాపలా తిరిగే పెద్ద చేపని వేలుపెట్టి చూపిస్తాడు. ఆ తుంగను పిచ్చిమొక్కలని పీకేసి గట్టుకు రాళ్లు పరిస్తే ఏం పోతుందో కూడా ఆయనే చెబుతాడు.

పాత పోస్టులో రెండుచోట్లా మార్చాను.