ఆలస్యమే అమృతం

కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం చిన్న వ్యాపారులకు పూచీపడి ఇప్పించిన పీపీపీ (పనివారి జీతాలు ఆగకుండా కాపాడే పథకం) అప్పులను మాఫీ చేయించుకునే తతంగాన్ని శ్రద్ధగా పరిశీలించిన పిమ్మట, ‘ఆలస్యం అమృతం విషం’ అన్న పెద్దల మాటను సవరించక తప్పదనే నిశ్చయానికి వచ్చాను. విషమంతా పరుగెత్తుకొచ్చినవాడి వాటాకు పోగా, అమృతం ఆవలిస్తూ కూర్చున్నవాడికి దక్కింది.

అప్పు పుట్టించుకునే ఘట్టంలో మాత్రం తొందర పనికొచ్చిందని ఒప్పుకోవాలి. 2020 మార్చి 27న చట్టమైన తొలి విడత 34,900 కోట్ల డాలర్లు ఏప్రిల్ 16 నాటికే హరించుకుపోయాయి. షేక్ షాక్ అనే బర్గర్ల సంస్థకు కోటి డాలర్లు, లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు సుమారు 46 లక్షల డాలర్లు ముట్టాయి. లోకం ముక్కున వేలేసుకున్నాక ఆ నిరుపేదలిద్దరూ పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేశారు.

ఇక మాఫీ. మే నెలలో వెలువడిన దరఖాస్తు సూచనలతో కలిపి 11 పేజీలు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దోశలమ్ముకునే మన తెలుగాయన ఒకరిని ఊహించుకోండి. లోపల కూర్చుని తినడాన్ని గవర్నరు నిషేధించిన ఆ రోజుల్లో, ఆయన అప్పు సొమ్మును ఎనిమిది వారాల్లో ఖర్చుపెట్టాలి, మాఫీ కోరే మొత్తంలో 75 శాతం జీతాలకే పోయి ఉండాలి. వారానికి 40 గంటలు పనిచేసినవాడు ఒక మనిషి; అంతకు తగ్గితే, సులభ పద్ధతిలో, అర మనిషి. ఈ లెక్కన గిన్నెలు కడిగే కుర్రాళ్లిద్దరూ కలిసి ఒక్కడవుతారు. మనుషులు తగ్గితే మాఫీ తగ్గుతుంది కనుక మానేసిన వంటమాస్టరును వెనక్కి పిలవాలి. ఆయనకు నిరుద్యోగ భృతిపైన వారానికి 600 డాలర్లు అదనంగా వస్తున్నాయి, ఎందుకొస్తాడు? రాకపోయినా నష్టం లేదట గాని, రమ్మన్నట్టూ రానన్నట్టూ రాతపూర్వక సాక్ష్యం ఉండాలట. “మాస్టారూ, రాకపోతే మానె, రానని ఒక్క ముక్క రాసిచ్చి పుణ్యం కట్టుకోండి” అని యజమాని పనివాణ్ణి బతిమాలుకునే అపురూప దృశ్యం ఆ విధంగా సాధ్యమైంది.

ఆయన ఈ లెక్కల్లో తలమునకలై ఉండగానే, జూన్ 5న ఎనిమిది వారాలు 24 అయ్యాయి, 75 శాతం 60కి దిగింది. అక్టోబరులో 50,000 డాలర్ల లోపు అప్పులకు మనుషుల లెక్కే అక్కర్లేదన్నారు. డిసెంబరు చట్టం లక్షన్నర డాలర్ల వరకు ఒక్క పేజీ చాలునంది. మాఫీ సొమ్ముతో పెట్టిన ఖర్చును పన్ను లెక్కలో చూపించుకోరాదన్న పన్ను శాఖ మాటనూ అదే చట్టం కొట్టిపారేసింది. 2021 ఆగస్టులో, బ్యాంకు సమ్మతిస్తే, ఆ ఒక్క పేజీని నేరుగా ప్రభుత్వ పోర్టల్‌లోనే నింపుకోవచ్చన్నారు.

బద్ధకానికీ హద్దు పెట్టారు సుమా. సొమ్ము ఖర్చుపెట్టేందుకిచ్చిన వారాలు ముగిశాక పది నెలల్లోగా దరఖాస్తు పెట్టకపోతే వాయిదాలు కట్టడం మొదలుపెట్టాలి. అంత వ్యవధిలోనూ కదలనివాడు అసలు వ్యాపారమే పెట్టి ఉండడు గనుక దీన్ని కఠినమనలేం.

కాబట్టి తొలి వేసవిలోనే 11 పేజీలూ నింపిన అమాయకులకు, వృథా అయిన పది పేజీల శ్రమకు తగిన పరిహారాన్ని, ఆ అప్పులకు వేసిన రేటు ప్రకారమే ఒక శాతం వడ్డీతో చెల్లించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోమంటారు. పెట్టుకోండి గాని, మొదటి నెలలో మాత్రం వద్దు.